ఫీజు లేని బడి... ఏడాది బాకీ

అమెరికాలో లారీ నడపడం రానివాళ్లకు కంపెనీలే నేర్పిస్తాయి. బస్సు టికెట్, బస, లైసెన్సు ఖర్చు అన్నీ వాళ్లవే. ఆ బడిలో అడుగుపెట్టిన రోజు నుంచి ఒంటరిగా స్టీరింగు పట్టేదాకా ఏం జరుగుతుంది? పెట్టిన ఖర్చు చివరికి ఎవరి ఖాతాలో పడుతుంది?

'అనుభవం అక్కర్లేదు. ఫీజు కట్టక్కర్లేదు. నెల తిరక్కుండా లైసెన్సు, ఆ వెంటనే ఉద్యోగం.' అమెరికాలోని పెద్ద లారీ కంపెనీల ప్రకటనలు కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటాయి. ఫోన్ చేస్తే రిక్రూటర్ ఎంతో ఆప్యాయంగా మాట్లాడతాడు. వయసు 21 నిండిందా, కారు లైసెన్సు ఉందా, ఈమధ్య యాక్సిడెంట్లేమైనా చేశారా, ఇంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశారు... అన్నీ అడిగి రాసుకుంటాడు. లెక్క కుదిరితే సోమవారం పొద్దుటికి ట్రైనింగ్ ఊరు చేరేలా బస్సు టికెట్ పంపిస్తాడు. బస మోటెల్‌లో, ఇద్దరికి ఒక గది. (ఆ మోటెల్ యజమాని ఒక పటేల్ అయ్యే అవకాశం బాగానే ఉంది. అమెరికా హైవేల మీద గుజరాతీల రాజ్యం అది.)

ఇదే శిక్షణ బయట స్కూల్లో తీసుకోవాలంటే వేల డాలర్లు పోయాలి. ఊరూ పేరూ తెలియని మనిషి మీద ఒక కంపెనీ అంత ఖర్చు ఎందుకు పెడుతుంది?

క్లీనరు లేని దేశం

మన దగ్గర లారీ డ్రైవర్లలో ఎక్కువమంది ఏ బడికీ వెళ్లలేదు. క్లీనరుగా బండెక్కారు. అద్దాలు తుడిచారు, లోడు మీద తాళ్లు బిగించారు, టైర్లను కొట్టి గాలి చూశారు, రివర్సులో వెనక నిలబడి 'రానీ... రానీ... చాలు' అని గొంతు చించుకున్నారు. డ్రైవరన్నకు దయ కలిగిన రోజున, ఏ తెల్లవారుజామునో ఖాళీ రోడ్డు మీద స్టీరింగు చేతికొచ్చింది. ఏళ్లపాటు సాగే ఈ చదువుకు ఫీజు లేదు, సర్టిఫికెట్టూ లేదు. చేసిన చాకిరీయే ఫీజు. మన దగ్గరా ఇప్పుడిప్పుడే దీనికి బడి రూపం వస్తోంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో భారీ వాహనాల కోర్సు 6 వారాల్లో 38 గంటలు. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్‌తో కలిసి పెట్టిన శిక్షణ సంస్థ ఈ బాటలోదే.

అమెరికా లారీలో క్లీనరు ఉండడు. ఉండేది డ్రైవరొక్కడే. కాబట్టి పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకునే దారి అక్కడ ఏనాడో మూసుకుపోయింది. కొత్త డ్రైవర్ని ఎవరో ఒకరు పనిగట్టుకుని తయారుచేయాలి. పైగా ఆ అవసరం ఎప్పటికీ తీరదు. 1980లో వచ్చిన మోటార్ క్యారియర్ చట్టం లారీ రవాణా మీద ప్రభుత్వ అదుపును సడలించింది. కొత్త కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి, కిరాయి రేట్లు పడ్డాయి, యూనియన్ పట్టు సడలింది, జీతాలూ వాటివెంటే దిగాయి. దాంతో దూరప్రయాణాల డ్రైవర్లు ఏ కంపెనీలోనూ కుదురుగా ఉండటం మానేశారు. పెద్ద కంపెనీల్లో ఏడాదికి 90 శాతానికి పైగా డ్రైవర్లు మారిపోయిన సంవత్సరాలు ఎన్నో. అంటే వంద సీట్లున్న కంపెనీ ఏడాది తిరిగేలోపు తొంభై సార్లు కొత్త మనిషిని వెతుక్కోవాలి.

అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్ అనే యజమానుల సంఘం దీన్ని 'డ్రైవర్ల కొరత' అంటుంది. 2021లో 80 వేల మంది తక్కువ పడ్డారని లెక్క చెప్పింది. ఆ దేశంలో భారీ లారీల డ్రైవర్లు సుమారు 22 లక్షల మంది. కొరత మనుషులదా, ఉన్నవాళ్లను నిలబెట్టుకునే జీతానిదా అని ఆర్థికవేత్తలు అడుగుతూనే ఉన్నారు. ఈ రచయిత ఓటు రెండోదానికే. జల్లెడలో నీళ్లు నిలవడం లేదని బావి ఎండిపోయిందంటే ఎలా?

సరే, మనుషులు కావాలి. నేర్పించాలి. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో రాసిన పుస్తకంలో ఈ మెలికను విడమర్చాడు. ఒక కంపెనీలో నేర్చుకున్న పని ఇంకో కంపెనీలోనూ పనికొచ్చేదైతే, ఆ శిక్షణకు ఏ యజమానీ తన జేబులోంచి ఖర్చు పెట్టడు. ఎందుకంటే నేర్చుకున్నవాడు మర్నాడే పక్క కంపెనీకి వెళ్లిపోతాడు. లారీ లైసెన్సు సరిగ్గా అలాంటిది. అది డ్రైవరు పేరు మీద ఉంటుంది, కంపెనీ పేరు మీద కాదు. అందుకే చేరిన మొదటి వారంలోనే ఒక కాగితం ముందుకొస్తుంది. కంపెనీని బట్టి తొమ్మిది నెలలో, ఏడాదో, ఇంకాస్త ఎక్కువో మా దగ్గరే పనిచేయాలి, మధ్యలో వెళ్లిపోతే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి అని.

మహబూబ్‌నగర్ పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు పుచ్చుకుని, దూరాన ఏ ప్రాజెక్టు పనికో వలసపోయి, ఆ బాకీ తెగేదాకా కదలలేకపోయిన పాలమూరు కూలీల కథ అక్కడ అందరికీ తెలుసు. అమెరికా లారీ బడి అంత కఠినమైంది కాదు. చట్టాలున్నాయి, కోర్టులున్నాయి, వెళ్లిపోతానంటే ఎవరూ కాళ్లు పట్టి ఆపరు. కానీ లెక్క మాత్రం అదే లెక్క. అక్కడ అడ్వాన్సు నోట్ల రూపంలో కాకుండా లైసెన్సు రూపంలో ఇస్తారు. బాకీ ఉన్నవాడు బేరం ఆడలేడు. మొదటి ఏడాది జీతం అంత తక్కువగా చెల్లుబాటవడానికి సగం కారణం ఇదే.

సోమవారం పొద్దున వడపోత

మొదటి రోజు స్టీరింగు కాదు కదా, బండి దరిదాపులకు కూడా పోనివ్వరు. ముందు ఒళ్లు చూస్తారు. రవాణా శాఖ నియమాల ప్రకారం జరిగే ఈ పరీక్షను డ్రైవర్లు 'డీఓటీ ఫిజికల్' అంటారు. బీపీ 140/90 లోపు ఉండాలి, చూపు 20/40కి తగ్గకూడదు, చెవులు సరిగ్గా వినిపించాలి. అన్నీ బాగుంటే ఇచ్చే మెడికల్ కార్డు గరిష్ఠంగా రెండేళ్లు చెల్లుతుంది. బీపీ ఎక్కువుంటే తక్కువ గడువుకే కార్డు ఇచ్చి మళ్లీ రమ్మంటారు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాళ్ల బీపీ పొద్దున్నే ఎలా ఉంటుందో చెప్పాలా? కంగారుపడకుండా కాసేపు కూర్చోమని, మళ్లీ చూస్తామని నర్సులే అంటారు.

తర్వాత మూత్ర పరీక్ష. చాలా రాష్ట్రాల్లో గంజాయి చట్టబద్ధమే అయినా లారీ డ్రైవరుకు కాదు. లైసెన్సు సంగతి కేంద్ర నిబంధనల కిందికి వస్తుంది. 2020 జనవరి నుంచి ప్రభుత్వం నడిపే 'క్లియరింగ్ హౌస్' అనే జాబితా ఒకటుంది. పరీక్షలో దొరికితే పేరు అందులోకి ఎక్కుతుంది, కొత్తగా ఉద్యోగమిచ్చే ప్రతి లారీ కంపెనీ అది చూడాల్సిందే. ఈ వడపోతలో తరగతి గది పలచబడుతుంది. పొద్దున పక్కన కూర్చున్న మనిషి మధ్యాహ్నానికి కనిపించడు. తిరుగు ప్రయాణం టికెట్ ఎవరిదన్నది కంపెనీని బట్టి ఉంటుంది. ఆ సంగతి రిక్రూటర్ తనంతట తాను చెప్పడు.

మిగిలినవాళ్లు పుస్తకం పట్టాలి. లెర్నర్ పర్మిట్‌కు రాతపరీక్షలు మూడు: సాధారణ జ్ఞానం, ఎయిర్ బ్రేకులు, ట్రాక్టర్-ట్రైలర్ కలిపి నడిపే విధానం. పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు ఆగితే తప్ప డ్రైవింగ్ పరీక్షకు పిలవరు. 'మూడు వారాల్లో లైసెన్సు' అని చెప్పే కంపెనీలకు ఇంతకంటే వేగం ఎందుకు కుదరదో ఇక్కడ తెలుస్తుంది.

మరి ఆ మూడు వారాల్లో స్టీరింగు మీద ఎన్ని గంటలు? 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్త డ్రైవర్లు ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉన్న శిక్షకుడి దగ్గరే నేర్చుకోవాలని నిబంధన వచ్చింది. దాన్ని రాసేటప్పుడు కనీసం 30 గంటలు నడపాలన్న ప్రతిపాదన ఉండేది. తుది నిబంధనలో అది ఎగిరిపోయింది. థియరీలో 80 శాతం మార్కులు రావాలి, నడపడంలో 'చేతనవుతోంది' అని శిక్షకుడు సంతకం పెట్టాలి, అంతే. గంటల లెక్క లేదు. మన దగ్గర కాగితం మీదైనా 38 గంటలున్నాయి. అమెరికా రోడ్లను చూసి మనం నేర్చుకోవాల్సినవి బోలెడున్నా ఈ ఒక్క విషయంలో మాత్రం కాదు.

బండి చుట్టూ ప్రదక్షిణం

లైసెన్సు పరీక్ష మూడు అంచెలు. రోడ్డు మీద నడపడం చివరిది. మొదటిది బండిని కదపకుండానే జరుగుతుంది, కొత్తవాళ్లు బెదిరేదీ దానికే. బండి చుట్టూ నడుస్తూ ఒక్కో భాగాన్నీ వేలితో చూపించి, దాని పేరు చెప్పి, అది ఎందుకు బాగున్నట్టో పరీక్షాధికారికి గట్టిగా చెప్పాలి. 'పగల్లేదు, వంగలేదు, విరగలేదు' అన్న ముక్క ప్రతి భాగం దగ్గరా వస్తుంది. ముందు టైర్ల గాడి లోతు అంగుళంలో 32వ వంతులు నాలుగు ఉండాలి, మిగతా టైర్లకు రెండు చాలు. ట్రైలరును ట్రాక్టరుకు తగిలించే ఫిఫ్త్ వీల్ కిందికి టార్చిలైటు వేసి చూడాలి. దాని దవడలు ట్రైలరు కింది కింగ్‌పిన్ మెడను చుట్టూ పట్టుకున్నాయా, పైపళ్లేనికీ ట్రైలరుకూ మధ్య సందు కనిపిస్తోందా? సందు ఉంటే కొక్కెం పడనట్టే. ఆ స్థితిలో బండి ముందుకు కదిలితే ట్రైలరు రోడ్డు మీద మోకరిల్లుతుంది. ఏ యార్డులోనైనా ఈ దృశ్యం చూసినవాళ్లుంటారు.

అసలు గండం ఎయిర్ బ్రేకుల పరీక్ష. దీన్ని వరస తప్పకుండా చేయాలి, ఒక్క మెట్టు మర్చిపోయినా అక్కడికక్కడే ఫెయిల్. గాలి ట్యాంకులు నిండాక ఇంజను ఆపేసి, తాళం ఆన్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకుల నాబ్‌లు రెండూ లోపలికి నొక్కాలి. పసుపుది ట్రాక్టరుకు, ఎర్రది ట్రైలరుకు. కాలితో బ్రేకు గట్టిగా తొక్కిపట్టి నిమిషంపాటు మీటరు చూడాలి. ట్రైలరు తగిలించిన బండికి ఆ నిమిషంలో గాలి 4 పీఎస్ఐకి మించి పడకూడదు. తర్వాత బ్రేకును పంపు కొట్టినట్టు తొక్కుతూ గాలి తగ్గించాలి. 55కు పడేలోపే హెచ్చరిక మోగాలి, దీపం వెలగాలి. ఇంకా తొక్కుతూ పోతే ఎక్కడో 20కీ 45కీ మధ్య ఆ రెండు నాబ్‌లూ టప్పుమని వాటంతటవే బయటికి దూకుతాయి. గాలి పూర్తిగా పోతే బండి దానికదే ఆగిపోతుందన్న మాటకు సాక్ష్యం ఆ చప్పుడు. కార్లలో బ్రేకు వేయడానికి బలం కావాలి. లారీలో పార్కింగ్ బ్రేకును వదిలించడానికి గాలి కావాలి, ఎందుకంటే లోపల స్ప్రింగు ఎప్పుడూ బిగించే ఉంటుంది. ఈ తిరకాసు బుర్రకెక్కినవాళ్లకు ఎయిర్ బ్రేకుల పాఠం సగం వచ్చినట్టే.

రెండో అంచె రివర్సు. 53 అడుగుల ట్రైలరు, ముందు ట్రాక్టరుతో కలిపి దాదాపు 70 అడుగులు. ట్రైలరు ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. కారు నడిపిన చేతులకు ఇది ఎదురుతిరుగుడు. చక్రాన్ని కింది అంచున పట్టుకుని, ట్రైలరు వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటే కదపమని శిక్షకులు చిట్కా చెబుతారు. దానికి కాస్త అలవాటుపడేసరికి అసలు చిక్కు వస్తుంది. ట్రైలరు వెంటనే తిరగదు. రెండు క్షణాలు ఆలస్యంగా స్పందిస్తుంది. అది తిరగలేదని కొత్తవాడు ఇంకా తిప్పుతాడు. తిరగడం మొదలయ్యాక ఆపడం ఎవరి తరమూ కాదు, ట్రాక్టరూ ట్రైలరూ మడతపెట్టిన చాకులా ఒకదానివైపు ఒకటి ముడుచుకుపోతాయి. పైగా అక్కడ డ్రైవరు కూర్చునేది ఎడమవైపు కాబట్టి కుడివైపు మలుపు చీకట్లో తడుముకోవడమే. అనుమానం వస్తే దిగి చూడు అన్నదాన్ని తారకమంత్రంలా నేర్పిస్తారు. పరీక్షలో మాత్రం ఎన్నిసార్లు దిగి చూడొచ్చో లెక్క ఉంటుంది.

గేర్ల గోల మాత్రం ఇప్పుడు తగ్గింది. పెద్ద కంపెనీల బండ్లు చాలావరకు ఆటోమేటిక్‌లే. ఆటోమేటిక్ బండి మీద పరీక్ష పాసైతే లైసెన్సు మీద 'ఈ' అన్న ఆంక్ష పడుతుంది. మాన్యువల్ నడపకూడదన్నమాట. తర్వాత ఎప్పుడైనా గేర్ల బండి ఉన్న చిన్న కంపెనీకి మారాలంటే ఆ ఆంక్ష అడ్డొస్తుంది. ఇదీ ముందు ఎవరూ చెప్పని సంగతుల్లో ఒకటి.

పక్క సీట్లో ట్రైనరు

లైసెన్సు చేతికొచ్చాక స్వీట్లు పంచుకునే తీరిక ఉండదు. ఆ వారమే ఒక ట్రైనరు బండి ఎక్కాలి. ఆ క్యాబిన్లో వెనక రెండు పరుపులు, ఒకదాని పైన ఒకటి. కొన్ని కంపెనీల్లో ఈ సహవాసం నాలుగు వారాలు, కొన్నింట్లో నెలలు. కొన్నిచోట్ల వారాల్లో కాదు, మైళ్లలో లెక్కగడతారు. ముక్కూమొహం తెలియని మనిషితో అంత చిన్న చోట తిండి, నిద్ర, గురక, ఫోన్ సంభాషణలు అన్నీ పంచుకోవాలి. నిబంధనల ప్రకారం రోజుకు 11 గంటలకు మించి నడపకూడదు. పని మొదలుపెట్టిన 14 గంటల తర్వాత అసలే నడపకూడదు, మళ్లీ నడపాలంటే 10 గంటలు విశ్రాంతి తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ లాగ్ ఇంజనుకే తగిలించి ఉంటుంది కాబట్టి కాగితం పుస్తకం రోజుల్లోలా చెయ్యి తిప్పడం కుదరదు.

కాకపోతే ఒక బండిలో లైసెన్సున్న ఇద్దరున్నప్పుడు రెండు గడియారాలుంటాయి. ఒకరు నిద్రపోతే ఇంకొకరు నడపొచ్చు, బండి దాదాపు ఆగనే ఆగదు. ఇక్కడే శిక్షణ, వ్యాపారం కలగాపులగమైపోతాయి. చాలాచోట్ల ట్రైనరుకు జీతం బండి తిరిగిన మొత్తం మైళ్ల మీద వస్తుంది. శిష్యుడు నడిపిన మైళ్లకూ డబ్బు గురువుకే. శిష్యుణ్ణి రాత్రి ఖాళీ ఇంటర్‌స్టేట్ హైవే మీద నడపమని తాను పడుకోవడం అతనికి లాభం. పక్కన కూర్చుని ఇరుకు లోడింగ్ డాక్‌లో రివర్సు నేర్పిస్తూ గంట పోగొట్టుకోవడం నష్టం. మంచి ట్రైనర్లు లేరని కాదు, చాలామంది ఉన్నారు. కానీ ఈ లెక్క చూస్తే వాళ్లు తమ మంచితనం కొద్దీ నేర్పిస్తున్నారే తప్ప జీతం కోసం కాదని తెలుస్తుంది. ఏడాది అనుభవం కూడా లేనివాళ్లను ట్రైనర్లుగా పెట్టే కంపెనీలూ ఉన్నాయి.

ఆడవాళ్లకు ఈ క్యాబిన్ ఇంకో పరీక్ష. వేధింపుల ఫిర్యాదుల మీద ఎన్నో దావాలు నడిచాయి. ఆడవాళ్లకు ఆడ ట్రైనర్లనే ఇస్తామని ఒక పెద్ద కంపెనీ నియమం పెడితే, ఆడ ట్రైనర్లు కొద్దిమందే ఉండటంతో అభ్యర్థులు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. మగవాళ్లు ఈలోపు చేరి సంపాదించుకుంటున్నారు కదా, ఇది వివక్షేనని 2014లో ఫెడరల్ కోర్టు తేల్చింది. రక్షణ కోసం పెట్టిన నియమం ఉద్యోగానికి అడ్డమైంది. ఈ చిక్కుముడి ఇంకా పూర్తిగా విడలేదు.

సుప్రీంకోర్టుదాకా వెళ్లిన శిష్యుడు

ఈ శిక్షణ వ్యవహారాన్ని దేశం దృష్టికి తెచ్చింది డొమినిక్ ఒలివెరా అనే డ్రైవరు. మిస్సోరి రాష్ట్రంలోని న్యూ ప్రైమ్ కంపెనీలో శిష్యుడిగా చేరాడు. కోర్టు కాగితాల్లో అతను చెప్పుకున్న ప్రకారం, మొదటి విడతలో ట్రైనరుతో కలిసి 10 వేల మైళ్లు జీతం లేకుండా నడపాలి. తర్వాతి విడతలో ఇంకో 30 వేల మైళ్లు, నామమాత్రపు జీతంతో. ఆ తర్వాత 'సొంతంగా వ్యాపారం చేసుకో' అని లారీ లీజుకిచ్చారు. లీజు వాయిదా, డీజిలు, పనిముట్ల ఖర్చు అన్నీ జీతంలోంచి కోసేస్తే కొన్ని వారాలు చేతికేమీ మిగలకపోగా తానే బాకీ పడ్డానని అతని ఆరోపణ. కాంట్రాక్టులో మధ్యవర్తిత్వం షరతు ఉంది కాబట్టి కోర్టుకు రాకూడదని కంపెనీ వాదించింది. 2019 జనవరి 15న సుప్రీంకోర్టు 8-0తో ఒలివెరా వైపు మొగ్గింది. రవాణా కార్మికుల కాంట్రాక్టులకు ఫెడరల్ మధ్యవర్తిత్వ చట్టం వర్తించదు, కాగితం మీద 'స్వతంత్ర కాంట్రాక్టరు' అని రాసుకున్నా సరేనని చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ నీల్ గోర్సచ్. కేసు తర్వాత రాజీతో ముగిసింది.

లీజు సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. శిక్షణ పూర్తయిన కొత్తవాడికి 'ఉద్యోగం దేనికి, ఓనరువి అవ్వు' అన్న మాట తియ్యగా వినిపిస్తుంది. బండి కంపెనీదే, లోడు కంపెనీదే, వాయిదా వెళ్లేదీ కంపెనీకే. రిస్కు మాత్రం డ్రైవరుది. ఈ పద్ధతిని పరిశీలించడానికి ప్రభుత్వమే వేసిన కార్యదళం 2025 జనవరిలో అసలు ఇలాంటి లీజు-కొనుగోలు పథకాలనే నిషేధించాలని సిఫారసు చేసింది. సామాజికశాస్త్రవేత్త స్టీవ్ విసెల్లి ఈ సంగతులు తెలుసుకోవడానికి తానే దూరప్రయాణాల డ్రైవరుగా చేరి పనిచేశాడు. 2016లో వచ్చిన అతని పుస్తకం 'ది బిగ్ రిగ్'లో ఈ లీజుల మోజు ఎలా పుట్టిస్తారో వివరంగా ఉంటుంది.

మైలు చొప్పున బతుకు

ఒంటరిగా బండి చేతికొచ్చాక జీతం మైలుకు ఇన్ని సెంట్లు అని వస్తుంది. చక్రం తిరిగితేనే డబ్బు. గోదాము ముందు నాలుగు గంటలు పడిగాపులు కాస్తే దానికి వచ్చేది సున్నా, లేదంటే నామమాత్రం. 14 గంటల గడియారం మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్న 1938 నాటి ఫెడరల్ చట్టం రాష్ట్రాలు దాటే లారీ డ్రైవర్లకు వర్తించదు. ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం 2024 మే నాటికి భారీ లారీల డ్రైవర్ల మధ్యస్థ వార్షిక వేతనం 57,440 డాలర్లు. అందులో అనుభవజ్ఞులంతా ఉన్నారు. మొదటి ఏడాది కొత్తవాడికి అది అందని ద్రాక్షే అనుకోవచ్చు.

ఈ మైళ్ల లెక్క మీద ఒక ముచ్చటైన పరిశోధన ఉంది. మిచెల్ హాఫ్‌మన్, స్టీఫెన్ బర్క్స్ అనే ఆర్థికవేత్తలు ఒక పెద్ద లారీ కంపెనీలో చేరిన కొత్త డ్రైవర్లను వారం వారం ఒకటే ప్రశ్న అడిగించారు: వచ్చే వారం ఎన్ని మైళ్లు నడుపుతావు? వచ్చిన జవాబులను నిజంగా నడిపిన మైళ్లతో పోల్చారు. డ్రైవర్లు ఎక్కువే చెప్పారు. నెలలు గడుస్తున్నా ఎక్కువే చెబుతూ పోయారు. ఈ వారం కాకపోతే వచ్చే వారమన్న ఆశ అంత తేలిగ్గా చావదు. ఆ ఆశ వల్ల వాళ్లు మానేయకుండా ఆగారని, దానివల్ల కంపెనీకి శిక్షణ ఖర్చు గిట్టుబాటయిందని ఆ పరిశోధన తేల్చింది. శిక్షణ కాంట్రాక్టు పెట్టాక మానేసేవాళ్లు తగ్గారనీ వాళ్లే ఇంకో పత్రంలో చూపించారు. కాంట్రాక్టు బయటినుంచి కట్టిపడేస్తే, ఆశ లోపలినుంచి కట్టిపడేస్తుంది.

మరి ఇన్ని తెలిసీ ఎందుకు చేరతారు? డిగ్రీ లేనివాడికి, ఫ్యాక్టరీ మూతపడ్డవాడికి, అప్పు పుట్టనివాడికి వేల డాలర్ల ఫీజు ఎవరిస్తారు? కంపెనీ తప్ప వేరే తలుపు తెరుచుకోదు. ఆ తలుపు లోపలికి తీసుకెళ్తుంది కూడా. ఏడాది ఓర్చుకుని, బండి ఎక్కడా గీరకుండా బయటపడినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లను అమాయకులనడం అన్యాయం.

మనవాళ్లకు కుదురుతుందా?

హెచ్-1బీ మీద ఉన్న ఇంజనీరు విసిగిపోయి లారీ ఎక్కుదామనుకుంటే కుదరదు, ఆ వీసా చేస్తున్న ఉద్యోగానికే కట్టుబడి ఉంటుంది. ఎఫ్-1 విద్యార్థికీ అంతే. 2025 ఆగస్టులో వాణిజ్య లారీ డ్రైవర్లకు వర్కు వీసాలు ఇవ్వడమే అమెరికా ఆపేసింది. సెప్టెంబరులో, గ్రీన్ కార్డు లేని విదేశీయులకిచ్చే లారీ లైసెన్సుల నిబంధనలు బిగించింది. ఆ గొడవ కోర్టుకెక్కింది. ఇంగ్లిష్ రాని డ్రైవర్ని రోడ్డు మీదే ఆపి బండి దింపేయడం అదే ఏడాది జూన్ 25 నుంచి మళ్లీ మొదలైంది. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా 'అమెరికాలో లారీ డ్రైవరు ఉద్యోగం, వీసా మేమే చూసుకుంటాం' అని డబ్బు అడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయడం మంచిది.

ఈ దారి నిజంగా తెరుచుకునేది గ్రీన్ కార్డో, పౌరసత్వమో ఉన్నవాళ్లకే. అక్కయ్యో అన్నయ్యో పెట్టిన దరఖాస్తు మీద నడివయసులో అమెరికా చేరి, ఇక్కడి డిగ్రీ అక్కడ చెల్లక గ్యాస్ స్టేషన్ కౌంటరు దగ్గర నిలబడినవాళ్లు మనలో ఉన్నారు. పంజాబీలకైతే మేనమామదో పెదనాన్నదో ఒక లారీ, ఒక యార్డు ఉంటుంది. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించేవాళ్లుంటారు, తిండికి హైవే పొడుగునా ధాబాలున్నాయి. తెలుగువాడికి ఈ రంగంలో అలాంటి చుట్టరికం లేదు. ఉన్నదల్లా సాఫ్ట్‌వేర్ చుట్టరికమే. అందుకే మనవాడు లారీ వైపు వెళ్తే ఎక్కువగా కంపెనీ బడి గడపే తొక్కాలి.

తొక్కేముందు కాగితంలో చూడాల్సినవి ఉన్నాయి. బాకీ మొత్తం ఎంత, నెలనెలా కరుగుతుందా లేక పదకొండో నెలలో మానేసినా మొత్తం కట్టాలా? కంపెనీయే తీసేస్తే ఎవరు కట్టాలి? గడువు లైసెన్సు వచ్చిన రోజు నుంచి మొదలవుతుందా, ఒంటరిగా బండెక్కిన రోజు నుంచా? ఆ రెంటి మధ్య నెలల తేడా ఉండొచ్చు. ట్రైనరుతో ఉన్న రోజుల్లో జీతం రోజుకా, మైలుకా? ఇలాంటి 'ఉండు, లేదా కట్టు' ఒప్పందాలకు కాలిఫోర్నియా 2026 జనవరి 1 నుంచి చట్టంతో ముకుతాడు వేసింది. కొన్ని మినహాయింపులతో, ఆ తేదీ నుంచి చేసుకున్న ఒప్పందాలకు అది వర్తిస్తుంది. మిగతా చాలా రాష్ట్రాల్లో సంతకం సంతకమే. అన్నట్టు, నిరుద్యోగులకూ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకూ కమ్యూనిటీ కాలేజీలో లారీ కోర్సు ఫీజు కట్టే ప్రభుత్వ నిధులు కూడా ఉన్నాయి. స్థానిక ఉపాధి కార్యాలయంలో అడగాలి. రిక్రూటర్ దీని ఊసెత్తడు, ఆ పని అతనిది కాదు కూడా.

ఏడాది గడిచాక బజారు మారుతుంది. చిన్న కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోకపోవడానికి అసలు కారణం బీమా. కనీసం ఒకటి రెండేళ్ల అనుభవం లేని డ్రైవరుకు బీమా కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా ప్రీమియం మోయలేనంత ఉంటుంది. శిక్షణ కాంట్రాక్టూ ఈ అనుభవం లెక్కా ఇంచుమించు ఒకేసారి తీరతాయి. అప్పుడు గంటకు ఇంత అని జీతమిచ్చే పార్సిల్ కంపెనీలు, రాత్రికి ఇల్లు చేరే స్థానిక రూట్లు, పెట్రోలు ట్యాంకర్లు అందుబాటులోకి వస్తాయి. ట్యాంకరుకు వెళ్లాలంటే మళ్లీ రాతపరీక్షలు, వేలిముద్రలు, భద్రతా విభాగం తనిఖీ. కాంట్రాక్టు తీరడానికి నెలా రెండు నెలల ముందే వీటిని మొదలుపెట్టుకున్నవాళ్లు అది తీరిన వారమే బండి మారతారు.